పనిచేసే టెర్రియర్లు: ప్రజననం, రక్షణ, బాధ్యతాయుతమైన పెంపకం

బొరియల్లో దాగే జంతువులను వెతకడానికి, మొరిగి బయటికి తరమడానికి, ఎలుకల వంటి వాటిని చంపడానికి బ్రిటన్‌లో శతాబ్దాలుగా పెంచుతూ వచ్చిన చిన్న కుక్కలు టెర్రియర్లు. వీటిలో ప్రదర్శన పోటీల కోసమో ఇంట్లో ముచ్చట కోసమో కాకుండా, ఆ పాత పనికి తగిన ఒళ్లూ గుణమూ చూసి ఎంపిక చేసి పెంచేవాటిని పనిచేసే టెర్రియర్లు అంటారు. జాక్ రసెల్, పార్సన్ రసెల్, బోర్డర్, లేక్‌లాండ్, ప్యాటర్‌డేల్, జర్మనీకి చెందిన యాగ్డ్‌టెర్రియర్ వీటిలో ముఖ్యమైనవి.

గొర్రెల కాపరి కుక్క యజమాని ఈలకు తగ్గట్టు మెలగుతుంది, తుపాకీ వేటలో తోడుండే రిట్రీవర్ యజమాని చేతి సైగ కోసం చూస్తుంది. టెర్రియర్‌కు ఆ వీలు లేదు. అది దిగే చోటికి మనిషి చెయ్యి అందదు, గొంతు సరిగా వినబడదు. చీకట్లో, ఒంటరిగా, తనకంటే పెద్ద జంతువు ఎదురుగా ఉన్నప్పుడు ముందుకు పోవాలా, ఆగి మొరగాలా, వెనక్కి తగ్గాలా అన్నది అదే తేల్చుకోవాలి. ఇలా సొంతంగా నిర్ణయం తీసుకునే కుక్కనే మనుషులు తరతరాలుగా కోరి ఎంపిక చేశారు. టెర్రియర్ ప్రజననంలో కనిపించే పట్టింపులు, రక్షణ కేంద్రాలకు వచ్చి పడే సమస్యలు, యజమాని మీద ఉండే బాధ్యతలు అన్నిటికీ మూలం ఇదే.

చరిత్ర

ఇంగ్లండ్‌లో 1486లో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అనే వేట గ్రంథంలోని కుక్కల జాబితాలో టెర్రియర్ల ప్రస్తావన ఉంది. 1570లో కేంబ్రిడ్జ్ వైద్యుడు జాన్ కైయస్ బ్రిటన్ కుక్కల గురించి లాటిన్‌లో రాసిన పుస్తకంలో, నక్కనూ బ్యాడ్జర్‌నూ బొరియల్లోంచి తరిమే కుక్కలుగా వీటిని వర్ణించాడు. అప్పటికి ఇవి నేటి అర్థంలో జాతులు కావు. ఎవరి ఊళ్లో, ఎవరి పొలంలో పనికొచ్చిన కుక్కను వారు నిలుపుకున్నారు. అందుకే ప్రాంతాన్ని బట్టి రూపం మారింది.

స్కాట్లండ్ కొండల్లో రాళ్ల గుట్టల సందుల్లో దూరే పొట్టికాళ్ల కెయిర్న్ టెర్రియర్ తయారైంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గుర్రం వెంట పరుగెత్తగల బోర్డర్ టెర్రియర్ వచ్చింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండలు గుర్రపు వేటకు అనువైనవి కావు. అక్కడి రైతులు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయే నక్కల కోసం కాలినడకన వెళ్లేవారు. వారి కుక్కల నుంచే లేక్‌లాండ్, ప్యాటర్‌డేల్ టెర్రియర్లు పుట్టాయి. నార్తంబర్లండ్ బొగ్గుగని కార్మికుల చేతుల్లో బెడ్లింగ్టన్, యార్క్‌షైర్ మిల్లుల్లో ఎలుకలు పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ రూపుదిద్దుకున్నాయి. ఎయిర్ నది లోయలో పుట్టిన ఎయిర్‌డేల్ మాత్రం బొరియలో పట్టనంత పెద్దది. నది ఒడ్డున నీటి జంతువుల వేటకు దాన్ని వాడేవారు.

ఈ చరిత్రలో అందరికీ తెలిసిన పేరు రెవరెండ్ జాన్ రసెల్ (1795–1883). డెవన్‌కు చెందిన ఈ చర్చి పాస్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, దగ్గరి పల్లెలో పాలవాడి వద్ద 'ట్రంప్' అనే ఆడకుక్కను కొన్నాడు. ఒళ్లంతా తెలుపు, కళ్లమీదా చెవులమీదా ముదురు మచ్చలు, తోక మొదట్లో చిన్న మచ్చ. వేట గుంపుతో పాటు రోజంతా పరుగెత్తగలిగి, నక్క బొరియలో దూరితే దాన్ని చంపకుండా మొరిగి బయటికి తరిమే కుక్క ఆయనకు కావాలి. దూరం నుంచి చూసి నక్క అని పొరబడకుండా ఉండేందుకు తెల్లరంగు ఉపయోగపడింది. ట్రంప్‌తో మొదలుపెట్టి ఆయన పెంచిన వంశమే నేటి రసెల్ టెర్రియర్లకు పునాది.

ఈ చరిత్రకు చీకటి కోణమూ ఉంది. బ్యాడ్జర్‌ను బంధించి కుక్కల్ని ఉసిగొల్పడం, గోతిలో వందల ఎలుకల్ని వదిలి ఎన్ని నిమిషాల్లో చంపుతుందో పందేలు కాయడం ఒకప్పుడు బ్రిటన్‌లో వినోదాలు. ఎద్దులు, ఎలుగుబంట్లు, బ్యాడ్జర్లతో ఆడే ఈ క్రూర క్రీడలను 1835 నాటి చట్టం నిషేధించింది. ఎలుకల పందేలు ఆ తర్వాత కూడా కొంతకాలం సాగాయి. పందెం కోసం కుక్కను ప్రమాదంలోకి తోయడానికీ, అవసరమైన పనికి శిక్షణ ఇచ్చిన కుక్కను జాగ్రత్తగా వాడటానికీ మధ్య గీత గీయాలన్న ఆలోచన అప్పటి నుంచే బలపడుతూ వచ్చింది.

శరీర నిర్మాణం, స్వభావం

పనిచేసే టెర్రియర్‌లో మొదట చూసేది ఛాతీ. అనుభవజ్ఞులు కుక్క వెనక నిలబడి, ముందుకాళ్ల వెనక నుంచి రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని ముందుకాళ్లను నేలమీంచి కాస్త పైకి లేపుతారు. బొటనవేళ్లు వీపుమీద కలవాలి, మిగతా వేళ్లు కింద రొమ్ము ఎముక దగ్గర తగలాలి. అలా రెండు చేతుల్లో ఇమిడిన కుక్కే నక్క బొరియలో ఇమడగలదు. పెరిగిన నక్క ఛాతీ చుట్టుకొలత దాదాపు 14 అంగుళాలు ఉంటుంది. చేతులతో పట్టినప్పుడు కొలతతో పాటు పక్కటెముకల మెత్తదనం కూడా తెలుస్తుంది. ఇరుకు మలుపుల్లో ఛాతీ నొక్కుకుని మళ్లీ విచ్చుకోవాలి. గట్టి పీపాలాంటి ఛాతీ ఉన్న కుక్క బరువు తక్కువైనా లోపల ఇరుక్కుపోతుంది. ఈ పరీక్షను ప్రదర్శన పోటీల్లో సైతం రసెల్, బోర్డర్ టెర్రియర్లకు చేస్తారు.

దట్టమైన, వానకు తడవని బొచ్చు, బలమైన దవడలు, తవ్వడానికి అనువైన ముందుకాళ్లు మిగతా లక్షణాలు. తోక గట్టిగా ఉండాలి. అవసరమైతే దాన్ని పట్టుకుని కుక్కను బొరియలోంచి లాగేవారు.

స్వభావంలో గొంతుకు విలువ ఎక్కువ. లోపల కుక్క ఎక్కడుందో పైన ఉన్నవారికి తెలిపేది దాని మొరుగుడే. జంతువుకు కొద్ది దూరంలో ఆగి ఎడతెగకుండా మొరిగే కుక్కను ఎక్కువమంది కోరుకుంటారు. మీదపడి కరిచే కుక్క తానూ గాయపడుతుంది, ఎదుటి జంతువునూ హింసిస్తుంది. ధైర్యమంటే పోట్లాడటం అనుకోవడం టెర్రియర్ల విషయంలో తరచూ జరిగే పొరపాటు. నిలకడగా ఉండి, తగ్గవలసిన చోట తగ్గే వివేకమే పనికొచ్చే ధైర్యం.

ఇదే గుణం ఇంట్లో వేరే రూపంలో బయటపడుతుంది. అడ్డూ ఆపూ లేని మొరుగుడు, పూలమొక్కల మధ్య గోతులు, కదిలేదల్లా తరమడం, పిలిచినా రాకపోవడం, తనకంటే పెద్ద కుక్కల మీదికి ఉరకడం చూసి కొత్త యజమాని కుక్క చెడిపోయిందనుకుంటాడు. నిజానికి అది తనను ఏ పనికి తయారుచేశారో అదే చేస్తోంది.

పనులు

బొరియ పని: నక్క వేటలో టెర్రియర్ బొరియలోకి దిగి నక్కను బయటికి తరుముతుంది, లేదా ఒకచోట నిలేసి మొరుగుతుంది. పైన ఉన్నవారు ఆ చోట తవ్వుతారు. ఒకప్పుడు నేలకు చెవి ఆనించి కుక్క జాడ కనిపెట్టేవారు. ఇప్పుడు మెడపట్టీకి చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టి, చేతిలోని రిసీవర్‌తో అది ఎక్కడ, ఎంత లోతులో ఉందో తెలుసుకుంటారు. మట్టి కూలడం, ఊపిరాడకపోవడం, వేర్ల మధ్య ఇరుక్కోవడం ఈ పనిలో ఎప్పుడూ ఉండే ప్రమాదాలు. జాడ తెలిపే పట్టీ, పారలు, తవ్వగల మనుషులు లేకుండా కుక్కను దింపకూడదన్నది దీనిలో ఉన్నవారి మొదటి నియమం.

ఎలుకల నియంత్రణ: నేటికీ టెర్రియర్లు ఎక్కువగా చేసే పని ఇదే. కోళ్ల ఫారాలు, ధాన్యం కొట్లు, పశువుల పాకల్లో పాత గడ్డి వాములు కదిపినప్పుడు, కలుగుల్లో పొగ పెట్టినప్పుడు ఎలుకలు ఒక్కసారిగా బయటికి ఉరుకుతాయి. టెర్రియర్ ఎలుకను మెడ దగ్గర పట్టి ఒక్క విదిలింపుతో వదిలేసి తర్వాతి దాని వెంటపడుతుంది. చావు క్షణాల్లో జరుగుతుంది. మందు పెట్టినప్పుడు ఎలుక రోజుల తరబడి బాధపడి చస్తుంది, దాన్ని తిన్న గుడ్లగూబలకూ విషం ఎక్కుతుంది. కుక్కలతో ఆ బెడద లేదు.

ప్రకృతి పరిరక్షణ: దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవికి సీలు, తిమింగలాల వేటగాళ్ల ఓడల్లో చేరిన ఎలుకలు నేలమీద గూడు పెట్టే పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేశాయి. 2011 నుంచి 2015 వరకు విడతలుగా హెలికాప్టర్లతో మందు చల్లి వాటిని నిర్మూలించే పని చేశారు. అన్నీ పోయాయని తేల్చేందుకు 2017–18లో శిక్షణ పొందిన మూడు టెర్రియర్లను తీసుకెళ్లి తీరమంతా వాసన పట్టించారు. ఎక్కడా ఎలుక జాడ దొరకలేదు. 2018 మే నెలలో దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించారు. ప్రపంచంలో అక్కడ మాత్రమే ఉండే సౌత్ జార్జియా పిపిట్ పక్షి మళ్లీ తీరంలో గూళ్లు పెడుతోంది. న్యూజిలాండ్ పరిరక్షణ శాఖ కూడా ఎగరలేని పక్షులున్న దీవులకు వెళ్లే పడవల్లోనూ సరుకుల్లోనూ ఎలుకల జాడ కనిపెట్టడానికి ప్రధానంగా టెర్రియర్లనే వాడుతుంది. అవి మూతికి చిక్కం పెట్టుకుని పనిచేస్తాయి. చంపవలసిన అవసరం లేకుండా టెర్రియర్ ముక్కునూ పట్టుదలనూ వాడుకోవచ్చని చెప్పేందుకు ఇంతకంటే మంచి నిదర్శనం లేదు.

క్రీడలు: వేటకు వెళ్లలేని, వెళ్లకూడదనుకునే యజమానుల కోసం కృత్రిమ సొరంగాల పరీక్షలు వచ్చాయి. అమెరికన్ వర్కింగ్ టెర్రియర్ అసోసియేషన్ 1971లో ఇందుకోసమే ఏర్పడింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1994లో 'ఎర్త్‌డాగ్' పరీక్షలు మొదలుపెట్టింది. జూనియర్ స్థాయిలో 9 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న చెక్క సొరంగం దాదాపు 30 అడుగుల పొడవున మూడు మలుపులు తిరుగుతుంది. చివర చెక్క కమ్మీల వెనక బోనులో ఎలుకలు భద్రంగా ఉంటాయి. వదిలిన కుక్క 30 సెకన్లలోపు అక్కడికి చేరాలి, తర్వాత 60 సెకన్లపాటు మొరగడమో గీరడమో ఆపకుండా చేయాలి. ఎలుకకు గాయం కాదు, కుక్కకు తన పని దొరుకుతుంది.

చట్టం

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి వేట చట్టం 2005 ఫిబ్రవరి 18 నుంచి కుక్కలతో అడవి క్షీరదాలను వేటాడటాన్ని నిషేధించింది. భూస్వామి అనుమతితో ఎలుకలు, కుందేళ్లను పట్టడానికి మినహాయింపు ఉంది. బొరియ పనికి ఇచ్చిన మినహాయింపు చాలా ఇరుకైనది: తుపాకీ వేట కోసం పెంచే పక్షులను కాపాడే సందర్భంలో మాత్రమే, ఒకసారి ఒకే కుక్కను, భూస్వామి రాతపూర్వక అనుమతితో దింపవచ్చు. జంతువును వీలైనంత త్వరగా బయటికి రప్పించాలి. కుక్కకు గాయం కాకుండా జాగ్రత్తలు తీసుకోవాలి. బ్యాడ్జర్లకూ వాటి బొరియలకూ 1992 నాటి ప్రత్యేక చట్టం రక్షణ ఇస్తోంది. వర్కింగ్ టెర్రియర్ల జాతీయ సమాఖ్య ప్రవర్తనా నియమావళి ఈ చట్టాలకు అనుగుణంగా ఉంటుంది.

తోక కత్తిరించడంపైనా నియమాలున్నాయి. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం దీన్ని నిషేధించి, పనికి వెళ్లే కొన్ని రకాల కుక్కలకు మాత్రం ఆధారాలు చూపితే, పుట్టిన 5 రోజుల్లోపు పశువైద్యుడే చేసేలా అనుమతించింది. స్కాట్లండ్‌లో టెర్రియర్లకు ఈ మినహాయింపు లేదు.

ప్రజననం

లండన్‌లో 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడి వంశావళులు నమోదు చేయడం మొదలయ్యాక టెర్రియర్ల ప్రజననం రెండు దారులు పట్టింది. ఒకటి రాసిపెట్టిన రూప ప్రమాణానికి తగినట్టు పెంచడం. రెండోది పనిలో నెగ్గిన కుక్కకు పనిలో నెగ్గిన కుక్కనే జత చేయడం. వెల్ష్ పొలాల్లో కెప్టెన్ జాన్ ఎడ్వర్డ్స్ పని కోసం తయారుచేసిన సీలిహమ్ టెర్రియర్ ప్రదర్శనల్లో వెలిగి, పనికి దూరమై, నేడు ఏడాదికి 300 కంటే తక్కువ కూనలు నమోదయ్యే అంతరించే ప్రమాదమున్న బ్రిటిష్ జాతుల జాబితాలో చేరింది. 1920లో గుర్తింపు పొందిన బోర్డర్ టెర్రియర్ రెండు దారులనూ కలిపి నడిచింది. దాని ప్రమాణంలోనే అది పని కుక్క అని, గుర్రంతో సమానంగా పరుగెత్తాలని రాసి ఉంది.

రసెల్ టెర్రియర్ల విషయంలో ఈ వివాదం తీవ్రమైంది. 1976లో ఏర్పడిన జాక్ రసెల్ టెర్రియర్ క్లబ్ ఆఫ్ అమెరికా, కెన్నెల్ క్లబ్ గుర్తింపు వస్తే కుక్క పనితనం పోయి అందం మిగులుతుందని గట్టిగా వ్యతిరేకించింది. అయినా బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ 1990లో పొడుగుకాళ్ల రకాన్ని పార్సన్ పేరుతో, 2016లో పొట్టి రకాన్ని జాక్ రసెల్ పేరుతో గుర్తించింది. అమెరికా క్లబ్ పద్ధతి మాత్రం గమనించదగినది. అది పుట్టిన కూనలన్నిటినీ గంపగుత్తగా నమోదు చేయదు. కుక్కకు ఏడాది నిండి, ఎత్తు, పళ్లు, నడక తేలాక, పశువైద్యుడి పరీక్షా పత్రం చూసి ఒక్కోదాన్నీ విడిగా నమోదు చేస్తుంది. దగ్గర రక్తసంబంధం హద్దు దాటిన వాటిని తిరస్కరిస్తుంది. తల్లిదండ్రుల పేరు చూసి కాక, ఎదిగిన కుక్కను చూసి విలువ కట్టడం ఇందులోని మేలు.

జన్యువ్యాధుల విషయంలో గత రెండు దశాబ్దాల్లో పెద్ద మార్పు వచ్చింది. కంటికటకం జారిపోయి, చూస్తుండగానే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోయే వ్యాధి అనేక టెర్రియర్ జాతుల్లో ఉంది. సాధారణంగా మధ్యవయసులో, అంటే కుక్క అప్పటికే కూనల్ని కనేశాక బయటపడేది. దీనికి కారణమైన ఏడీఏఎంటీఎస్17 జన్యు దోషాన్ని 2010లో కనిపెట్టారు. రసెల్ కుటుంబంలో నడక తూలే రెండు రకాల వ్యాధులకు కారణమైన జన్యువులను 2013, 2014లలో గుర్తించారు. బెడ్లింగ్టన్‌లో కాలేయంలో రాగి పేరుకునే వ్యాధికి జన్యు కారణం 2002లోనే తెలిసింది. ఇప్పుడు చెంపలోపలి నమూనాతో ఈ పరీక్షలు చేయించవచ్చు.

ఫలితం చదవడంలో ఒక లెక్క తెలియాలి. ఇవన్నీ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు దోషప్రతులు అందితేనే వచ్చే వ్యాధులు. ఒకే దోషప్రతి ఉన్న వాహకాన్ని పూర్తిగా ఆరోగ్యమైన దానితో జత కట్టిస్తే, సగటున సగం కూనలు వాహకాలవుతాయి తప్ప వేటికీ రెండు దోషప్రతులు రావు. కంటి వ్యాధిలో వాహకాలకు కూడా కొద్దిపాటి ముప్పు ఉంది కనుక వాటి కళ్లను ఏటా చూపించాలి. రెండు వాహకాలను కలిపితే సగటున నాలుగింట ఒకటి వ్యాధికి గురవుతుంది. కాబట్టి వాహకాలన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేయడం కంటే, ఆరోగ్యమైన వాటితో జత చేసి తరతరానికీ దోషాన్ని తగ్గించడమే మంచిది. లేకపోతే అసలే చిన్నదైన వంశం మరీ కుంచించుకుపోయి కొత్త దోషాలు తలెత్తుతాయి.

తెల్లబొచ్చు ఎక్కువగా ఉన్న రసెల్ టెర్రియర్లలో పుట్టు చెవుడు కనిపిస్తుంది. కూనకు సుమారు ఆరు వారాల వయసులో చెవి నుంచి మెదడుకు చేరే విద్యుత్ సంకేతాలను కొలిచే బీఏఈఆర్ పరీక్షతో, ఒక్క చెవి మాత్రమే వినబడకపోయినా తెలిసిపోతుంది. మోకాలిచిప్ప జారడం, తుంటి కీలు ఎముక అరిగిపోవడం కూడా చిన్న టెర్రియర్లలో చూసుకోవలసినవే.

కుక్క చూలు సుమారు 63 రోజులు. కూన మనసు రూపుదిద్దుకునేది మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల లోపే. ఆ రోజుల్లో మనుషులు, పిల్లలు, పిల్లులు, రకరకాల చప్పుళ్లు పరిచయం కాని టెర్రియర్ తర్వాత భయంతో కరిచే కుక్క కావచ్చు. ఈ బాధ్యతలో సగం పెంపకందారుదే. మంచి పెంపకందారు కూనను అమ్మే ముందు కొనేవారి ఇల్లు, పనివేళలు, అనుభవం గురించి అడుగుతాడు, తల్లికుక్కను చూపిస్తాడు, పరీక్షల కాగితాలు ఇస్తాడు, ఎప్పుడైనా పెంచలేకపోతే కుక్కను తిరిగి తనకే ఇవ్వాలని రాయించుకుంటాడు. డబ్బు చేతిలో పడగానే సంబంధం తెగిపోయేవాడు పెంపకందారు కాదు, దళారీ. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన 'లూసీ చట్టం' ఆరు నెలల్లోపు కూనలను మూడో మనిషి అమ్మడాన్ని నిషేధించింది.

రక్షణ, పునరావాసం

అమెరికా టీవీ ధారావాహిక 'ఫ్రేజర్' (1993–2004)లో 'ఎడ్డీ' పాత్ర చేసిన మూస్ అనే జాక్ రసెల్‌తో ఈ జాతికి విపరీతమైన గిరాకీ వచ్చింది. మూస్‌ను దాని మొదటి యజమాని భరించలేక వదులుకున్నాడన్నది, తర్వాత శిక్షకుల చేతిలో అది తెర మీద మెరిసిందన్నది చాలామందికి తెలియదు. తెర మీద చూసి కొన్న ఇళ్లలో శిక్షకులు ఉండరు. అందుకే అమెరికా క్లబ్ ఈ కుక్క ఎవరికి తగదో ముందే చెప్పే హెచ్చరికలు ప్రచురించడం మొదలుపెట్టింది. రసెల్ టెర్రియర్ల కోసమే ప్రత్యేకంగా స్వచ్ఛంద రక్షణ బృందాలు పనిచేస్తున్నాయి.

టెర్రియర్లు రక్షణ కేంద్రాలకు రావడానికి కారణాలు ఎక్కడైనా దాదాపు ఒకటే: తోటి కుక్కతో పోరు, పిల్లిని చంపడం, చిన్నపిల్లలను కరవడం, ఇరుగుపొరుగుల ఫిర్యాదులు, పదేపదే పారిపోవడం. మరికొన్ని కింది దవడ చీలి, మూతి మీద పాత గాయాల మచ్చలతో వస్తాయి. అవి చట్టవిరుద్ధంగా బ్యాడ్జర్ల మీదికి వదిలిన కుక్కలు కావచ్చని పశువైద్యులు అనుమానిస్తారు.

టెర్రియర్‌కు కొత్త ఇల్లు వెతకడంలో తొందర పనికిరాదు. కేంద్రంలో గొలుసు పక్కన మూలిగే కుక్క అసలు గుణం అక్కడ తెలియదు. అందుకే అనుభవమున్న బృందాలు ముందు దాన్ని ఒక తాత్కాలిక ఇంట్లో ఉంచుతాయి. పిల్లిని చూసి ఏంచేస్తుంది, గిన్నె దగ్గరికి చెయ్యి వెళితే గుర్రుమంటుందా, ఆడకుక్కతో కుదురుతుందా, తలుపు తీస్తే ఎటు పరుగెడుతుంది అన్నవి అక్కడ గమనిస్తారు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి, చిప్ వేయించి, అడిగినవారి ఇంటి కంచె స్వయంగా చూసి వచ్చాకే ఇస్తారు. కరిచిన చరిత్ర ఉంటే దాచకుండా చెప్పడం తప్పనిసరి. దాచి ఇచ్చిన కుక్క మళ్లీ తిరిగొస్తుంది, ఈసారి ఎవరినో గాయపరిచి వస్తుంది.

దత్తత తీసుకున్నవారికి ఓపిక కావాలి. మొదటి రోజుల్లో కుక్క మూలన నక్కి ఉండవచ్చు, లేదా అతి మంచితనం చూపవచ్చు. ఇంటి పద్ధతి దానికి అలవడటానికి వారాలు, ఇల్లు తనదే అన్న నమ్మకం కుదరడానికి నెలలు పడతాయి. ఆ కాలమంతా ఒకే వేళకు తిండి, ఒకే దారిన నడక, ఒకే మాటలో ఆజ్ఞ ఉంటే మార్పు త్వరగా వస్తుంది.

బాధ్యతాయుతమైన పెంపకం

టెర్రియర్‌ను తెచ్చుకునే ముందు ప్రతిరోజూ దానికి ఏ పని ఇవ్వగలమో ఆలోచించుకోవాలి. నడకతో ఒళ్లు అలుస్తుంది, బుర్ర అలవదు. రోజూ కొంతసేపు ముక్కుతో వెతికే ఆట, దాచిన తిండి పట్టించడం, పెద్ద మట్టిగొట్టాల్లో దూరి రావడం, తవ్వుకోవడానికి ఒక మూల ఇసుక గొయ్యి ఏర్పాటు చేస్తే తోటా సోఫా మిగులుతాయి. తవ్వొద్దని కొట్టడం వల్ల కుక్క యజమాని లేనప్పుడు తవ్వడం నేర్చుకుంటుంది. తవ్వే చోటు చూపిస్తే అక్కడే తవ్వుతుంది.

కంచె భూమిలోకి కనీసం ఒక అడుగు దిగి ఉండాలి. బహిరంగ స్థలంలో పట్టీ తీయకపోవడమే మంచిది. వాసన తగిలిన టెర్రియర్ ఎంత బాగా శిక్షణ పొందినా యజమాని పిలుపును మరిచిపోవచ్చు. బొరియలో దూరి ఇరుక్కుంటే లోపల నీళ్లు పోయడం, పొగ పెట్టడం చేయకూడదు. నిశ్శబ్దంగా ఉండి, శబ్దం ఎక్కడ నుంచి వస్తోందో గుర్తించి, పక్క నుంచి జాగ్రత్తగా తవ్వించాలి. రెండు కంటే ఎక్కువ టెర్రియర్లను కలిపి ఒంటరిగా వదిలి వెళ్లకూడదని రసెల్ క్లబ్ గట్టిగా చెబుతుంది. గుంపులో మొదలైన పోరు ప్రాణం తీసేదాకా ఆగకపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో కుక్కకూ పిల్లలకూ మధ్య పెద్దవారు ఒకరు ఎప్పుడూ ఉండాలి.

ఎలుకలు పట్టే కుక్కకు లెప్టోస్పైరోసిస్ టీకా ఏటా వేయించాలి. ఎలుకమూత్రం ద్వారా వచ్చే ఈ జబ్బు కుక్క నుంచి మనుషులకూ సోకుతుంది. మందు పెట్టిన చోట కుక్కను వదలకూడదు. పని ముగిశాక కళ్లు, మూతి, పాదాల మధ్య సందులు కడిగి చూడాలి. మూతిమీది కాటు పైకి చిన్నదిగా కనిపించినా లోపల చీముపడుతుంది. టెర్రియర్లు 13 నుంచి 16 ఏళ్లు బతకడం మామూలే కనుక, ఇది పదిహేనేళ్ల బాధ్యత అని తెలిసి తెచ్చుకోవాలి.

భారతదేశంలో

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో జాక్ రసెల్ కూనలు అమ్మకానికి వస్తున్నాయి. ఇక్కడ వేట పనికి వీటిని వాడే వీలు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుంటనక్క, ముంగిస, ఉడుము, ముళ్లపంది, అడవి కుందేలు అన్నీ రక్షిత జంతువులు. వాటి మీదికి కుక్కను వదలడం నేరం. 2017లో వచ్చిన కుక్కల ప్రజనన, విక్రయ నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాకే జత కట్టించాలి, వరుసగా రెండు ఎదల్లో పిల్లలు పెట్టించకూడదు, జీవితకాలంలో ఐదు ఈతలు మించకూడదు, ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. కొనేవారు నమోదు పత్రం అడిగితేనే ఈ నియమాలకు బలం వస్తుంది.

వాతావరణం మరో పరీక్ష. మే నెల ఎండల్లో ఉదయం ఏడింటికి ముందు, సాయంత్రం నేల చల్లారాకే బయటికి తీసుకెళ్లాలి. ఆట మధ్యలో అలసిపోయానని టెర్రియర్ తనంతట తాను ఆగదు, వడదెబ్బ తగిలే దాకా పరుగెడుతుంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలు ఇక్కడ సర్వసాధారణం. పల్లెల్లో, వరిపొలాల గట్ల మీద ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎలుక కలుగుల్లో నాగుపాములు చేరతాయి, ముక్కు ముందు పెట్టే కుక్కకు కాటు ముక్కు మీదే పడుతుంది. ఎలుకల కోసం రైతులు పెట్టే జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ ఎరలు కుక్కల ప్రాణాలకూ ముప్పే. అపార్ట్‌మెంట్‌లో టెర్రియర్ పెంచేవారికి వాసన పట్టే ఆటలు, చురుకుదనం పోటీల శిక్షణ అందుబాటులో ఉన్న మంచి మార్గాలు.

నేటి స్థితి

వేట తగ్గిపోతున్న కాలంలో పనిచేసే టెర్రియర్లు నిలుస్తాయా అన్న ప్రశ్నకు పరిరక్షణ దీవులు, పొలాల్లో ఎలుకల నియంత్రణ, సొరంగ పరీక్షలు కొంత సమాధానం ఇచ్చాయి. వేట పోయినా ఆ కుక్క మెదడుకు తగిన పని మిగిలే ఉంది. ఆ పని ఇవ్వలేని ఇంట టెర్రియర్‌కూ మనుషులకూ ఇద్దరికీ కష్టమే. ఒక జాతి బాగుందని చెప్పడానికి ఎన్ని కూనలు పుట్టాయన్నది కొలత కాదు. పుట్టిన వాటిలో ఎన్ని తొలి ఇంట్లోనే ముసలివయ్యాయి, ఎన్ని ఇల్లు మారి ఆశ్రయాల్లో తేలాయి అన్నదే కొలత. సొంత నిర్ణయంతో బతికే కుక్కను మనిషే తయారుచేశాడు. కాబట్టి దాన్ని పుట్టించేవారు, అమ్మేవారు, కొనేవారు, వదిలేస్తే ఎత్తుకునేవారు అందరూ ఆ గుణానికి జవాబుదారులే. ఆ బాధ్యత మోయగలమని నమ్మకం ఉన్నవారే ఈ కుక్కను ఇంటికి తెచ్చుకోవాలి. మిగతావారు తెచ్చుకోకపోవడమే ఆ కుక్కకు మేలు.